మొదటిసారి నలుగురిని భోజనానికి పిలుస్తున్నారా? పర్లాకిమిడి వంటింటి నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్ళయి పర్లాకిమిడి వచ్చి పన్నెండేళ్ళు. పుట్టిల్లు టెక్కలి పక్కన, ఎంతో దూరం కాదు. పాతపట్నం దాటితే ఒడిశా, అంతే. అయినా ఇక్కడ మొదటిసారి నలుగురిని భోజనానికి పిలిచిన రోజు నేను చేసిన తప్పులు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళు, బదిలీ మీద గుణుపురం, రాయగడ, బరంపురం వైపు వచ్చినవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను.

ఎంతమందిని పిలవాలి?

ఆరుగురు పెద్దవాళ్ళు, వాళ్ళ పిల్లలు. మొదటిసారికి అంతకు మించొద్దు. ఇంట్లో ఉన్న పెద్ద గిన్నెలో ఒకేసారి వండగలిగినంత అన్నం ఎంతమందికి సరిపోతుందో చూసుకోండి, అదే మీ లెక్క. పక్కింటి నుంచి గిన్నెలు, గరిటెలు, కుర్చీలు తెచ్చుకునేదాకా వెళ్ళిందంటే అది ఫంక్షన్ అయిపోయినట్టే.

ఒకరికొకరు అసలు తెలియని మూడు కుటుంబాలను మాత్రం ఒకేసారి పిలవకండి. మీరు వంటింట్లో ఉంటే హాల్లో అందరూ ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. రెండు కుటుంబాలు, అందులో ఒకరైనా అందరితోనూ కలుపుగోలుగా మాట్లాడేవాళ్ళు అయితే మీ పని సగం అయినట్టే.

ఎంతమంది వస్తారని చెప్పినా ఇద్దరికి ఎక్కువ వండండి. ఊరి నుంచి వాళ్ళ మరిది వచ్చి ఉంటాడు, లేకపోతే అత్తగారు. ఆవిణ్ణి ఇంట్లో వదిలేసి రమ్మని మనం అనలేం కదా.

ఏ రోజు పెట్టుకోవాలి?

అందరూ మెనూతో మొదలుపెడతారు. నా మాట వినండి, ముందు కేలండర్ తీయండి. మన వైపు వంట ఏమిటో తేల్చేది రోజే.

నా సంగతి చెప్తాను. మా ఆయన ఆఫీసులో ఒక ఒడియా స్నేహితుడి కుటుంబాన్ని పిలిచాం. శుక్రవారం మా ఆయన ఊరెళ్ళాలి కాబట్టి లక్ష్మివారం, అంటే గురువారం పెట్టుకున్నాం. రెండు కిలోల కోడి తెచ్చి, మసాలా నూరి, పొద్దున్నించీ కష్టపడ్డాను. అది మార్గశిర మాసం. ఆ స్నేహితుడి అమ్మగారు కూడా వచ్చారు. కూర గిన్నె మూత తీసేసరికి ఆవిడ ఏమీ అనలేదు, కొంగు కాస్త ముక్కు దగ్గరికి లాక్కున్నారు, అంతే. మార్గశిర లక్ష్మివారాలంటే వాళ్ళకి మాణబసా గురుబార. వాకిట్లో బియ్యప్పిండితో లక్ష్మి పాదాలు వేసి, పూజ చేసుకుంటారు. ఆ రోజు నీచు సంగతి సరే, ఉల్లీ వెల్లుల్లీ కూడా ముట్టని ఇళ్ళు ఎన్నో. నేను పప్పులోనూ వెల్లుల్లి దంచి వేశాను. ఆవిడ ఆ రాత్రి పెరుగన్నం, అరటిపండు తిని లేచారు. మర్యాదస్తురాలు కాబట్టి పెరుగు చాలా బాగుందన్నారు. ఆ పెరుగు ప్యాకెట్‌ది.

మన అమ్మమ్మలూ మార్గశిర లక్ష్మివారాల నోము పట్టినవాళ్ళే. తెలియని విషయమేం కాదు, ఆ రోజుకి తట్టలేదు. పైగా ఇక్కడ ఇంకో మెలిక ఉంది. మనకి నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడియా వాళ్ళకి పున్నమితో. అందుకే మన దీపావళి వెళ్ళాక మొదలయ్యే కార్తీకం వాళ్ళకి రెండు వారాల ముందే, కుమార పూర్ణిమ (మన ఆశ్వయుజ పున్నమి) మర్నాడే మొదలైపోతుంది. చాలామంది ఆ నెలంతా మాంసం, చేప మానేస్తారు. మానని వాళ్ళు కూడా చివరి ఐదు రోజులు, పంచుకలో, ఆపేస్తారు. ఆ ఐదు రోజులు కొంగ కూడా చేపని ముట్టదని వాళ్ళ మాట. కార్తీక పున్నమి మర్నాడు ఛాడఖాయి, అంటే నెల రోజుల పథ్యం విడిచే రోజు. మాంసం కొట్ల ముందు తెల్లారకుండానే వరసలు కడతారు. సరిగ్గా అదే రోజున మన వాళ్ళకి కార్తీకం ఇంకా సగం మిగిలే ఉంటుంది. కాబట్టి రెండు రకాల వాళ్ళనీ కలిపి పిలవాలంటే ఆ నెలన్నరా శాకాహారమే అనుకోండి, గొడవ ఉండదు.

మామూలు వారాల్లో అయితే సోమ, మంగళ, లక్ష్మి, శని వారాలు చాలా ఒడియా ఇళ్ళలో నీచు వండరు. బుధ, శుక్ర, ఆదివారాలు తింటారు. మన వాళ్ళలో కొందరికి శుక్రవారం పనికిరాదు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది బుధవారం, ఆదివారం. అవైనా ఏకాదశి, అమావాస్య, సంక్రాంతి కాకుండా చూసుకోండి. గజపతి జిల్లాలో క్రైస్తవ కుటుంబాలూ ఎక్కువే. వాళ్ళని పిలిచేటట్టయితే ఈస్టర్ ముందు నలభై రోజుల్లో ఒకసారి అడిగి పెట్టుకోవడం మంచిది.

ఏం తింటారో అడిగితే బాగుంటుందా?

బాగుంటుంది, కాకపోతే అడిగే పద్ధతి ఉంది. "ఏం తింటారండీ?" అంటే "అయ్యో, ఏదైనా పరవాలేదు" అనేస్తారు. ఆ జవాబుతో మీకు ఒరిగేదేం లేదు. ఇలా అడగండి: "వదినగారూ, ఇంట్లో ఎవరైనా ఉల్లి వెల్లుల్లి మానేశారా? షుగర్ ఉన్నవాళ్ళున్నారా? పిల్లలు కారం తింటారా?" ఈ మూడు ప్రశ్నలకీ ఎవరైనా సూటిగా చెప్తారు. ఆడవాళ్ళని అడగండి. మగవాళ్ళు తమ సంగతి తప్ప ఇంకేం చెప్పరు, వాళ్ళమ్మ ఏకాదశి ఉపవాసం సంగతి కూడా వాళ్ళకి గుర్తుండదు.

మెనూ ఏం పెట్టాలి?

మీ చెయ్యి తిరిగిన వంటే పెట్టండి. కనీసం పదిసార్లు వండింది. యూట్యూబ్‌లో ముందురోజు చూసిన పనీర్ కూర అతిథుల మీద ప్రయోగించకండి.

ఒడియా వాళ్ళు వస్తున్నారు కదా అని దాల్మా, అంటే కూరగాయలు వేసిన వాళ్ళ పప్పు, చేద్దామనిపిస్తుంది. వద్దు. రోజూ వాళ్ళ ఇంట్లో అమ్మ చేతిది తింటారు, మనది పక్కన పెట్టి పోలుస్తారు. వాళ్ళు మన ఇంటికి వచ్చేది మన తిండి కోసమే. ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ చాలు, కళ్ళు మెరుస్తాయి. నేను పెట్టే వరస ఇది: పులిహోర, అన్నం, ముద్దపప్పు, ఒక వేపుడు, ఒక ఆవ పెట్టిన కూర, చారు, అప్పడాలు, పెరుగు, పరమాన్నం. మాంసం తినేవాళ్ళుంటే కోడి కూర ఒక్కటి, విడి గిన్నెలో, విడి గరిటెతో, బల్లకి ఆ చివర. పప్పులోకీ చారులోకీ ఇంగువ పోపు, వెల్లుల్లి లేకుండా. అప్పుడు ఎవరొచ్చినా కనీసం ఐదు పదార్థాలతో కడుపునిండా తింటారు.

ఆవకాయలో వెల్లుల్లి ఉందా లేదా అన్నది ముందే చూసుకోండి. లేనిది కావాలంటే నిమ్మకాయ ఊరగాయ. ఇంట్లో ఏదీ లేకపోయినా కంగారు లేదు, బరంపురం పచ్చళ్ళూ అప్పడాలూ పేరున్నవే, ఇక్కడ ఏ కొట్లోనైనా దొరుకుతాయి.

గారెలు మాత్రం వద్దు. నాకు గారెలంటే ప్రాణం, అయినా వద్దంటున్నాను. గారె వేడిగా ఉంటేనే గారె. అంటే అందరూ తింటున్నంతసేపూ మీరు మూకుడు ముందు చెమటలు కక్కుతూ నిలబడాలి. పూరీలూ అంతే. ఆఖరి నిమిషంలో వేయించాల్సింది ఒక్కటే ఉండాలి, అది అప్పడం.

కారం మన లెక్కలో సగం వేయండి. టెక్కలి కారం ఇక్కడ చెల్లదు. కావలసినవాళ్ళకి పక్కన ఉల్లికారం పెట్టండి.

ఆవ పెట్టిన కూర చేదొస్తోంది. ఎందుకు?

ఈ ఒక్క కూర గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే సరిహద్దుకి రెండు వైపులా అందరికీ నచ్చేది ఇదే. వాళ్ళు ఆవ ముద్దతో చేసేదాన్ని బేసర అంటారు. మొదటి ముద్దలోనే "ఇది మాది కదా!" అంటారు, అక్కణ్ణించి మాటలు వాటంతటవే వస్తాయి.

చలికాలం వెళ్ళి లేత పనసకాయలు సంతకి రాగానే నేను పనసపొట్టే చేస్తాను. చేతులకీ కత్తికీ నూనె రాసుకోకపోతే ఆ జిగురు రెండు రోజులు వదలదు. కొట్టిన పొట్టు కొనుక్కున్నా తప్పులేదు. పొట్టుని పసుపు, ఉప్పు వేసి ఉడికించి, చల్లారాక గట్టిగా పిండండి. నీళ్ళు మిగిలితే కూర ముద్దయిపోతుంది. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిరప, పచ్చిమిరప, కరివేపాకు, ఇంగువతో పోపు బాగా వేగాక కాస్త చింతపండు పులుసు పోసి, పచ్చివాసన పోయాక పొట్టు వేసి కలపండి.

ఇక ఆవ. ఎనిమిదిమందికి సరిపడే కూరకి రెండు చెంచాల ఆవాలు. పది నిమిషాలు నానబెట్టి, రెండు ఎండుమిరపకాయలు, ఉప్పు కలిపి, కొద్ది నీళ్ళతో నూరండి. మిక్సీలో అయితే ఆపి ఆపి తిప్పండి, వేడెక్కేదాకా తిప్పితే చేదు. రెండో తప్పు, అందరూ చేసేది, పొయ్యి మీద ఉండగానే ఆవ కలపడం. పొయ్యి ఆపి, గిన్నె దింపి, మీ వేలు తట్టుకునేంత వేడి మిగిలాక కలపాలి. పైన ఒక చెంచా పచ్చి నువ్వుల నూనె. మూత పెట్టి రెండు గంటలు వదిలేస్తే ఘాటు కూరంతా పడుతుంది. పనస దొరకని రోజుల్లో అరటికాయతోనూ, కందతోనూ ఇదే పద్ధతి.

ఎంత వండాలి? ప్రతిసారీ తక్కువో ఎక్కువో అవుతోంది.

ఎనిమిదిమంది పెద్దవాళ్ళకి నా లెక్క చెప్తాను. బియ్యం కిలో. పులిహోర కూడా ఉంటే ఇందులోంచే పావుకిలో పైచిలుకు దానికి తీయండి. కందిపప్పు మూడు వందల గ్రాములు. కూరలు ఒక్కొక్కటి తరిగాక ముప్పావు కిలో నుంచి కిలో. పెరుగు లీటరున్నర. కోడి, ఎముకతో సహా, తినేవాళ్ళకి తలా నూటయాభై నుంచి రెండు వందల గ్రాములు. పరమాన్నానికి లీటరు పాలు, గుప్పెడు బియ్యం. బెల్లం పొయ్యి ఆపి కాస్త చల్లారాకే కలపండి, లేకపోతే పాలు విరుగుతాయి. పైన వేసే జీడిపప్పుకి మనకి పలాస పక్కనే ఉంది, పిసినారితనం అక్కర్లేదు.

ఐదు లీటర్ల కుక్కర్లో ముప్పావు కిలో బియ్యం మించి పెట్టకండి. ఉడికి పొంగే వాటికి కుక్కర్ సగానికే నింపాలి. ఒకేసారి కక్కుర్తిపడితే విజిల్ దగ్గర గంజి చిమ్మి, పైన మెత్తగా కింద పలుకుగా వస్తుంది. రెండు విడతలుగా వండండి. రెండో విడత వాళ్ళు కూర్చున్నాక దింపితే వేడిగా కూడా ఉంటుంది.

గ్యాస్ బండ ముందురోజే ఎత్తి చూడండి. తేలిగ్గా అనిపిస్తే రెండోది సిద్ధంగా ఉంచుకోండి.

పనులు ఎప్పుడు మొదలుపెట్టాలి?

పులిహోర పులుసు, చారుపొడి, కొబ్బరి తురుము, పెరుగు తోడు ముందురోజు రాత్రి. చలికాలం ఇక్కడ కొండగాలికి పెరుగు తొందరగా తోడుకోదు, గోరువెచ్చని పాలలో తోడేసి గిన్నెకి తువ్వాలు చుట్టండి. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి కూరలు తరగడం, ఐదున్నరకి వండటం, ఆరున్నరకి పప్పు, చారు. ఏడింటికి మీరు స్నానం చేసి చీర మార్చుకుని కుర్చీలో కూర్చోవాలి. మిగతావన్నీ అటూ ఇటూ అయినా ఇది తప్పకూడదు. మా ఇంట్లో మంచినీళ్ళు, కుర్చీలు, చెప్పులు పెట్టుకునే చోటు, బాత్రూంలో సబ్బు, తువ్వాలు మా ఆయన వంతు. మొదట్లో అడిగితే చేసేవారు, ఇప్పుడు అడగకుండానే చేస్తారు.

ఎనిమిదికి రమ్మంటే తొమ్మిదిన్నరకి వస్తారు. వంట పాడవదా?

ఏడున్నరకి రమ్మనండి! సరదాకి అన్నాను గానీ అది పెద్ద ఉపాయమేం కాదు, అందరికీ తెలిసిన లెక్కే. తినడానికి ఏదో ఒకటి, వేయించిన పల్లీలో, మురీ (మరమరాల) మిక్చరో ముందు పెట్టి ఉంచితే త్వరగా వచ్చినవాళ్ళకి ఇబ్బంది ఉండదు.

వంట సంగతికొస్తే, వండినది బయట రెండు గంటలు మించి ఉంచకూడదు, మే నెల ఎండల్లో అయితే గంటే. కోడి కూర, పప్పు వడ్డించే ముందు కుతకుతలాడేదాకా మళ్ళీ వేడిచేయండి. అన్నాన్ని తేలిగ్గా తీసుకోకండి. వండినా చావని సూక్ష్మజీవుల బీజాలు బియ్యంలో ఉంటాయి, గోరువెచ్చగా గంటలకొద్దీ వదిలేస్తే అవి పెరిగి వాంతులు పట్టుకుంటాయి. హాట్‌బాక్స్‌లో పొగలు కక్కుతుండగా పెట్టండి. పులుపు, నూనె ఉన్న పులిహోర మాత్రం కాస్త నిలవుంటుంది.

కింద కూర్చోబెట్టాలా, టేబుల్ మీదా? విస్తరాకులు పెట్టొచ్చా?

మోకాళ్ళ నొప్పుల వాళ్ళుంటే కుర్చీలు, లేకపోతే చాపలు. విస్తరాకులు నాకు చాలా ఇష్టం. మన అడ్డాకునే ఇక్కడ సియాళి అంటారు, కొండ మీద నుంచి వచ్చినవాళ్ళు కుట్టిన విస్తళ్ళు సంతలో అమ్ముతారు. చారు కారిపోకుండా రెండేసి వేయండి. తర్వాత గిన్నెలు తోముకునే పనీ తగ్గుతుంది.

నాకు ఒడియా రాదు. వాళ్ళకి తెలుగు అంతంతమాత్రం. ఏం మాట్లాడను?

ఈ ఊళ్ళో ఆ భయం అక్కర్లేదు. 1936లో ఒడిశాలో కలిసినా బజారులో ఇప్పటికీ రెండు భాషలూ వినబడతాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది ఇక్కడే. ఇక్కడి కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకోవాలని, తెలుగు వచ్చిన ఒక సవరని ఇంట్లోనే పెట్టుకున్నారట ఆయన. మనకి అంత అక్కర్లేదు, ఒక పూట చాలు. వాళ్ళమ్మగారిని మావుసీ అని, ఆయన్ని భాయినా అని పిలవండి. తర్వాత తిండి పేర్లు అడగండి. మన అరిసె వాళ్ళ అరిసా పిఠా. మన కొబ్బరి కుడుము వాళ్ళ మండా పిఠా. మా అమ్మాయి, ఆ స్నేహితుడి కూతురు ఇలా జతలు వెతుక్కుంటూ ఒక సాయంత్రమంతా గడిపారు.

ఉప్పు ఎక్కువైంది, పప్పు మాడింది. ఇప్పుడేం చెయ్యాలి?

మాడితే గరిటె పెట్టి కలపకండి, గీకకండి. పైన ఉన్నది మెల్లగా వేరే గిన్నెలోకి వంచేయండి. చారులో ఉప్పెక్కువైతే వేడినీళ్ళు, కాస్త చింతపండు. కూరలో అయితే ఉప్పు లేకుండా ఉడికించిన బంగాళదుంప చిదిపి కలపండి. ఏదీ కుదరకపోతే ఆ గిన్నె బయటికి తేవద్దు. మీరు ఏం వండారో వాళ్ళకి తెలీదుగా! అయ్యో కూర బాగా రాలేదండీ అని పదిసార్లు క్షమాపణ చెప్పకండి, బాగానే ఉందని పదిసార్లు చెప్పాల్సిన పని వాళ్ళ నెత్తిన పడుతుంది.

బయటి నుంచి తెప్పిస్తే చిన్నతనమా?

స్వీటు తెప్పించండి. ఛెనాపోడా ఇంట్లో చేసేకన్నా కొనడమే నయం. మిగతాది ఇంట్లోదే బాగుంటుంది.

మందు పెట్టాలా?

కుటుంబాలతో పిలిచినప్పుడు వద్దు. మా ఇంట్లో పెట్టం, ఎవరూ అడగలేదు.

మొహమాటపెట్టి వడ్డించాలా?

మన అలవాటది, "ఇంకొంచెం, ఒక్క గరిటె" అని. ఒకసారి అడగండి, రెండోసారి అడగండి. మూడోసారి చెయ్యి అడ్డం పెట్టినా వేశారంటే అది బలవంతం. షుగర్ ఉన్నాయనకి పరమాన్నం అసలు చూపించకండి, ముందు ఒక పండు కోసి ఇచ్చేయండి. పిల్లలకి పెద్దవాళ్ళకన్నా గంట ముందే అన్నం, పప్పు, నెయ్యి, అప్పడం పెట్టేస్తే తల్లులు నిదానంగా తింటారు. పెద్దవాళ్ళు తింటున్నప్పుడు మీరూ కూర్చోండి. అన్నీ మధ్యలో పెట్టి అందరూ వడ్డించుకునే పద్ధతిలో అయితే కుదురుతుంది. అందరూ వెళ్ళాక వంటింట్లో నిలబడి చల్లారిన అన్నం తినే ఆచారం మా అత్తగారితోనే ఆగిపోయింది. ఆపింది కూడా ఆవిడే.

మిగిలినవి, వాళ్ళు డబ్బాలో తెచ్చినవి ఏం చెయ్యాలి?

వాళ్ళు తెచ్చిన తీపి ఆ పూటే విప్పి అందరికీ పెట్టండి. మిగిలిన పులిహోర, వేపుడు అడిగి కట్టివ్వండి. కోడి కూర, అన్నం చల్లారగానే ఫ్రిజ్‌లోకి. వాళ్ళ స్టీలు డబ్బా మాత్రం ఖాళీగా తిరిగివ్వకూడదు, మన దగ్గరా ఇక్కడా అదే పద్ధతి. ఆ పెరుగన్నం తిని వెళ్ళిన అమ్మగారి డబ్బాలో ఆ మధ్య నేను పనసపొట్టు ఆవ కూర పంపాను. మొన్న మండా పిఠాలతో తిరిగొచ్చింది. ఇప్పుడు తోమి అరుగు మీద బోర్లించి ఉంది. ఈ ఆదివారం అరటికాయ దొరుకుతుందేమో చూడాలి.